నూట నలభై మూడు సార్లు

ఇరవై రోజులుగా ఓబులేసుకు స్థిమితం లేదు.

కారణం చెప్పుకోవాలంటే చిన్నతనంగా ఉండేది. అతని ఇంట్లో టీవీ బల్ల కింద ఒక నల్ల డబ్బా ఉంది. ఇంట్లోవాళ్ళ ఫోన్లలోని ఫోటోలు, వీడియోలు, రికార్డింగులు అన్నీ వైఫై మీద వాటంతటవే అందులోకి వెళ్ళిపోతాయి. ఎక్కడున్నా ఫోన్లోంచి దాన్ని తెరిచి చూసుకోవచ్చు. నంద్యాలలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే ఓబులేసు ఆరేళ్ళ కిందట ముచ్చటపడి కొన్నాడు దాన్ని. లోపల రెండు పెద్ద హార్డ్ డిస్కులున్నాయి. వాటి పేర్లతో ఇంట్లో ఎవరికీ పనిలేదు. అందరూ 'డబ్బా' అనేవాళ్ళు.

ఆ డబ్బా నిండిపోయింది. తొంభై ఎనిమిది శాతం అని చూపించింది. ముందువైపు పచ్చ దీపం పోయి ఎర్ర దీపం వచ్చింది. గంటకోసారి కీచుమని అరవసాగింది. సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ అరుపును ఆపేశాడు. దీపాన్ని మాత్రం ఆపలేకపోయాడు.

కాలేజీ నుంచి రాగానే చెప్పులు కూడా సరిగ్గా విడవకుండా ల్యాప్‌టాప్ తెరిచేవాడు. ఒక పెళ్ళి వీడియో తీసేసేవాడు. మళ్ళీ ఏమనుకునేవాడో, వెనక్కి తెచ్చుకునేవాడు. ఒకే పువ్వుకు పదిహేడు ఫోటోలుంటే వాటిలో ఏది బాగుందో తేల్చుకోలేక పదిహేడూ ఉంచేసేవాడు. తెగించి కొన్ని వందలు తీసేసినా అంకె కదిలేది కాదు. ఎందుకు కదలదో అతనికి తెలుసు. తీసేసినవి పోకుండా డబ్బాలోనే ఒక చెత్తబుట్ట ఉంటుంది. పొరపాటున తీసేస్తే ఎట్లా అన్న భయంతో, అందులో పడ్డవి ఎప్పటికీ పోకుండా తనే పెట్టుకున్నాడు. దాన్ని ఖాళీ చేయడానికి ఒక్క బటను నొక్కితే చాలు. అక్కడిదాకా వెళ్ళి చెయ్యి ఆగిపోయేది.

"ఇంకో పెద్ద డబ్బా కొంటే పోతుంది" అన్నాడు ఒకరోజు భార్యతో.

"అదీ నిండుతుంది" అంది సుభాషిణి, చిక్కుడుకాయలు తుంచుతూ.

అతనికి కోపం వచ్చింది. లేచి వెళ్ళి దీపాన్ని మరోసారి చూసి వచ్చి కూర్చున్నాడు.

---

బేస్తవారం వచ్చింది. ప్రతి బేస్తవారం మధ్యాహ్నం ఓబులేసు హుసేనప్ప సామి దగ్గరికి వెళతాడు. తొమ్మిదేళ్ళ అలవాటు.

కుందూ నది అవతల చిన్న దర్గా ఉంది. దాని వెనక రేకుల షెడ్డులో హుసేనప్ప ఉంటాడు. దూదేకులాయన. డెబ్బై ఎనిమిదేళ్ళొచ్చినా పరుపులు, బొంతలు కుట్టడం మానలేదు. ఒళ్ళో బొంత పరుచుకుని, చేతిలో దబ్బనంతో కుట్టుకుంటూ మాట్లాడతాడు. చుట్టూ పదిమంది కూర్చుంటారు. వాళ్ళలో తురకలూ ఉంటారు, రెడ్లూ ఉంటారు, రైల్వేలో పనిచేసి దిగిపోయిన క్రైస్తవుడొకాయన ఉంటాడు. ఊదు పొగ, పాత దూది దుమ్ము కలిసి ఆ షెడ్డుకొక వాసన. చివర్లో తలా చిటికెడు చక్కెర పెడతారు.

ఓబులేసుకు అక్కడ ఒక చోటుంది. సామికి ఎడమపక్కన, మాట బాగా వినిపించేచోట. మాట అతనికి కాదు, ఫోనుకు వినిపించాలి. ఆరేళ్ళుగా సామి చెప్పిన ప్రతి మాటా అతను రికార్డు చేశాడు. దాన్ని గురించి అతనికి లోపల్లోపల గర్వం. మిగతావాళ్ళు విని ఇంటికి పోయేలోపల సగం మర్చిపోతారు, తను ఒక్క దగ్గు కూడా పోగొట్టుకోలేదు అనుకునేవాడు.

ఆ రోజు ఫోను రికార్డు చేయనంది. ఫోను నిండింది. డబ్బాలో చోటు లేక, ఫోనులోనివి అటు పోవడం మానేశాయి. ఓబులేసు ఏదో తీసేశాడు, ఇంకేదో తీసేశాడు, ఫోను ఆపి మళ్ళీ వెలిగించాడు. మోకాళ్ళ మీద లేచాడు, కూర్చున్నాడు.

హుసేనప్ప దారం కొరికి తలెత్తాడు.

"ఏమప్పా ఓబులేసూ, కూర్చున్నావా, పోతాండావా?"

అందరూ నవ్వారు. ఓబులేసు నవ్వలేదు. అందరూ వెళ్ళేదాకా ఆగి, సామి ముందుకు జరిగి, డబ్బా సంగతంతా చెప్పాడు.

"మీ మాటలే రెండొందల ఎనభై ఏడు బేస్తవారాలవి ఉండాయి సామీ. మీ తర్వాత గూడా ఉండాలని దాచినా. ఇప్పుడు ఏం తీసేయాల్నో తెలీడం లేదు. ఏది చూసినా కావాలనే అనిపిస్తాంది. నిద్ర పట్టడంల్యా."

"ఎప్పుడన్నా తీసి విన్నావా, నా మాటలు?"

"టైము దొరకలేదు సామీ. రిటైరైనాక వింటా."

హుసేనప్ప దబ్బనంలోకి దారం ఎక్కించడానికి రెండుసార్లు తప్పాడు. ఓబులేసు అందుకోబోతే వద్దన్నట్టు చెయ్యి జరిపి, మూడోసారి తనే ఎక్కించుకున్నాడు.

"నువ్వు దేన్ని ఎన్నిసార్లు తెరిచినావో ఆ డబ్బాకు తెలుస్తాదా?"

"తెలుస్తాది సామీ. ఏ ఫైలు ఎప్పుడు తెరిచిందీ అదే రాసి పెట్టుకుంటాది. కొన్న కొత్తలో నేనే ఆన్ చేసినా."

"అయితే అది చూసి, కాగితం మీద రాసుకోని రా. అంతవరకు ఏదీ తీసేయొద్దు."

---

ఆదివారం పొద్దున ఓబులేసు తెల్లకాగితం, పెన్ను పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. చేయవలసిన పనొకటి దొరికినందుకు కొంచెం ఊపిరాడింది.

డబ్బా రాసుకున్న చిట్టా తెరిచాడు. ఆరేళ్ళది. ఎక్కువసార్లు తెరిచినవి పైకి వచ్చేట్టు పెట్టాడు.

తెర మీద మొదటి వరుస చూసి, ఎక్కడో తప్పు జరిగిందనుకుని, మళ్ళీ పెట్టాడు. అదే వచ్చింది.

ఆ వరుసను వదిలేసి కిందినుంచి రాయడం మొదలుపెట్టాడు. ఫోటోలు అరవై నాలుగు వేలు. తెరిచినవి మూడొందలకు లోపు. తమ పెళ్ళి క్యాసెట్టును డిజిటల్ చేయించిన వీడియో ఒకసారి. కూతురు లిఖిత తొలిసారి నడిచిన వీడియో రెండుసార్లు. ఆ రెండుసార్లూ తెరిచింది సుభాషిణి. తిరుపతి, శ్రీశైలం, ఊటీ, సున్నా, సున్నా, సున్నా. హుసేనప్ప సామి మాటలు రెండొందల ఎనభై ఏడు. ఒక్కొక్కటీ చూశాడు. సున్నా.



సుభాషిణి టీ గ్లాసు పెట్టి, వెళ్ళకుండా నిలబడింది. తెర మీద పై వరుస ఇంకా అట్లాగే ఉంది.

"నూట నలభై మూడా?" అంది.

ఓబులేసు ల్యాప్‌టాప్ మూసేశాడు.

"అది మీ అన్న ఫోన్‌కాల్ కదా" అంది ఆమె.

"ఎవరు చెప్పినారు నీకు?"

"ఎవరు చెప్పాల? ఇయర్‌ఫోన్లు పెట్టుకోని, మిద్దె మీద అటూ ఇటూ తిరుగుతాంటారు. దిగొచ్చినాక ఆ రోజు అన్నం సగంలోనే లేస్తారు. నేను లెక్కబెట్టలేదు గానీ, అంతే ఉంటాది."

ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. టీ చల్లారింది.

ఆరేళ్ళ కిందట ఓబులేసుకు అతని అన్న మద్దిలేటి ఫోన్ చేసి తిట్టాడు. ఓబులేసు ఫోన్‌లో ప్రతి కాలూ దానంతటదే రికార్డయ్యేది. అట్లా అదీ రికార్డయింది. నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. ఆ రోజుతో అన్నదమ్ములకు మాటలు లేవు. మొదట్లో ఓబులేసు దాన్ని చుట్టాలకు వినిపించేవాడు. 'మీరే చెప్పండి, ఎవరిది తప్పో' అనేవాడు. ఎవరైనా మద్దిలేటి పేరెత్తితే చాలు, ఫోను తీసేవాడు. రెండేళ్ళు తిరిగేసరికి చుట్టాలు అతని ముందు ఆ పేరెత్తడమే మానేశారు. తర్వాత వినేది ఓబులేసు ఒక్కడే.

కాగితం మీద ఆ వరుస రాయలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

---

తర్వాతి బేస్తవారం ఓబులేసు కాలేజీకి సెలవు పెట్టి పొద్దున తొమ్మిదికే దర్గాకు వెళ్ళాడు. ఎవరూ రాకముందే చెప్పేసి పోదామనుకున్నాడు.

హుసేనప్ప ఒక్కడే ఉన్నాడు. పాత పరుపొకటి నేలమీద పరిచి, కుట్లు విప్పుతున్నాడు.

"చదువు" అన్నాడు.

ఓబులేసు చదివాడు. ఫోటోలు, పెళ్ళి, ఊటీ. "మీ మాటలు..." అని ఆగాడు. "ఒక్కసారి గూడా తెరవలేదు సామీ."

సామి బాధపడతాడని చూశాడు. ఆయన కుట్లు విప్పుతూనే ఉన్నాడు.

"ఇంకా?"

"అంతే సామీ. అన్నీ సున్నాలే. ఏది తీసేయాల్నో మీరే చెప్పండి."

"ఇన్ని సున్నాలుండే మనిషి అన్నీ పారేసి హాయిగా ఉంటాడప్పా. ఇంత కాలుగాలిన పిల్లి మాదిరి తిరగడు. చదవని వరస ఒకటుందిలే. అది చెప్పు."

 బయట ఎవరో దర్గా ముంగిలి ఊడుస్తున్నారు. చీపురు చప్పుడు దగ్గరికి వచ్చి, దూరం వెళ్ళింది.

చివరికి చెప్పాడు. అన్న మద్దిలేటి బేతంచెర్లలో నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడని, తనను చదివించింది ఆయనేనని, ఆయన కూతురు హేమలత నర్సింగులో చేరాలనుకుందని. ఆన్‌లైన్ ఫారం నింపే పని తనకిచ్చారు. ఫీజు కట్టవలసిన ఆఖరి రోజు సైటు పని చేయలేదు. పిల్లకు ఆ యేడు పోయింది. దానికి అన్న అనరాని మాటలన్నాడు.

"ఎన్నిసార్లు విన్నావు?"

"నూట నలభై మూడు."

"నాకు వినిపించు."

ఓబులేసు ఫోను తీశాడు. ఇంట్లో ఉన్న డబ్బాలోంచి మాట రావడానికి రెండు మూడు సెకన్లు పట్టింది. హుసేనప్ప చేతిలో పని పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని, చెవి ముందుకు పెట్టాడు.

మద్దిలేటి గొంతు షెడ్డంతా నిండింది.

"...పిల్ల పొద్దన్నుంచి అన్నం ముట్టలేదురా! నీ ముందర పొద్దస్తమానం కంప్యూటరే గదరా. ఒక్క బటను నొక్కేదానికి చెయ్యి రాలేదా నీకు?"

"సైటు పని చేయలేదన్నా..." ఇది ఓబులేసు గొంతు, సన్నగా.

"సైటంట, సైటు! రాళ్ళు మోసి చదివిస్తి గదరా నిన్ను. సదువుకున్నోడివని నీ చేతిలో పెడితి గదరా..." కాసేపు మాట లేదు. మళ్ళీ వచ్చింది. "ఇంకేమన్నా చెప్పేదుంటే చెప్పు."

"ఏముంది చెప్పేదానికి. సైటు పని చేయలేదు, అంతే."

"అయితే ఈ రోజునుంచి నాకు తమ్ముడు లేడు. నా గడప తొక్కొద్దు."

తర్వాత ఏదో ఉంది. ఆ రోజు ఓబులేసు దాని మధ్యలోనే ఫోన్ పెట్టేశాడు, రికార్డింగు అక్కడితో ఆగింది.

ఓబులేసు సామి మొహం వైపు చూశాడు. అవునప్పా, పెద్ద మాటే అన్నాడు అంటాడని ఒక పక్క ఆశ. పోనీలే, మర్చిపో అంటాడేమోనని ఒక పక్క భయం. మర్చిపొమ్మంటే ఏం చెప్పాలో కూడా దారిలో అనుకున్నాడు.

"ఇంకొక తూరి పెట్టు" అన్నాడు హుసేనప్ప.

పెట్టాడు. ఈసారి సామి తలను కొంచెం పక్కకు వంచి విన్నాడు. అయిపోయాక కళ్ళు తెరిచాడు.

"నడమ నడమ దగ్గుతాండాడు గదప్పా మీ అన్న. గట్టి దగ్గే. తగ్గిందా?"



"తెలీదు సామీ" అన్నాడు ఓబులేసు.

హుసేనప్ప మళ్ళీ పరుపు దగ్గరికి జరిగి, విప్పుతూ ఆగిన కుట్టు ఎక్కడుందో వేలితో వెతుక్కున్నాడు. 

---

ఓబులేసు ఇంటికి వెళ్ళలేదు. బస్టాండుకు వెళ్ళి బేతంచెర్ల బస్సెక్కాడు.

బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ రికార్డింగు తెరిచాడు. మొదటి దగ్గు పద్దెనిమిదో సెకనులో ఉంది. తర్వాత ఇంకోటి. 'సదువుకున్నోడివని నీ చేతిలో పెడితి గదరా' తర్వాత మాట లేదనుకున్న చోట మాట లేకపోవడం కాదు. ఫోను నోటికి దూరంగా పెట్టి దగ్గడం అది. నూట నలభై మూడుసార్లు విన్నాడు, ఆ చోట ప్రతిసారీ తర్వాత వచ్చే మాట కోసం పళ్ళు బిగబట్టుకుని ఎదురుచూశాడు.

ఇయర్‌ఫోన్లు తీసేశాడు. పాణ్యం దాటాక రోడ్డుకు రెండువైపులా నాపరాళ్ళ కుప్పలు, తెల్లటి దుమ్ము. చెట్ల ఆకుల మీద కూడా దుమ్మే. కండక్టరును 'ఇంకెంతసేపు' అని మూడుసార్లు అడిగాడు.

వదిన నాగవేణి వాకిట్లో బియ్యం చెరుగుతూ ఉంది. అతన్ని చూసి చేట అట్లాగే పట్టుకుని నిలబడిపోయింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. కాసేపటికి లోపలికి తిరిగి, "ఇదో, ఎవరొచ్చినారో చూడు" అంది.

మద్దిలేటి లోపల మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. పక్కన స్టూలు మీద ఆవిరి పట్టే మిషను. చొక్కా కిందనుంచి ఎముకలు తెలుస్తున్నాయి. ఒకప్పుడు నలుగురెత్తే బండను ఇంకొకరితో కలిసి ఎత్తిన మనిషి.

"ఎండలో... పడొచ్చినావే" అన్నాడు. రెండు మాటల మధ్య ఊపిరి తీసుకున్నాడు. "కూర్చో."

రాళ్ళ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందని, పనికి పోక నాలుగేళ్ళయిందని వదిన చెప్పింది. తగ్గేది కాదన్నారట. హేమలతకు పెళ్ళి చేసి డోన్‌కు పంపారు. అక్కడ మందుల షాపులో పనిచేస్తూ ఉంది. తండ్రికి మందులు ఆ పిల్లే పంపుతుంది.

ఓబులేసు మంచం కోడు పట్టుకుని నేలమీద కూర్చున్నాడు. కూర్చోగానే చెప్పాడు. కూర్చుని ఊపిరి తీసుకుంటే మళ్ళీ చెప్పలేనేమో అన్నట్టు గబగబా చెప్పాడు.

"అన్నా, ఆ రోజు సైటు పనిచేసింది. నేనే మర్చిపోయినా. ఆ వారమే ఒక డబ్బా కొన్నా, ఫోటోలు దాచిపెట్టుకునేది. దాంట్లోకి అన్నీ ఎక్కిస్తా కూర్చున్నా. రేపు నింపుదాంలే, రేపు నింపుదాంలే అనుకున్నా. తేదీ దాటిపోయింది. నీతో అబద్ధం చెప్పినా."

ఈ మాట అతను సుభాషిణికి కూడా చెప్పలేదు. నిన్నటిదాకా తనకు తను కూడా సరిగ్గా చెప్పుకోలేదు.

"తెలుసులే" అన్నాడు మద్దిలేటి.

"ఎట్ల?"

"పక్కింటి పిల్ల... అదే రోజు కట్టింది... నెట్ సెంటర్లో."

"మరి ఆ రోజు ఫోన్లో ఆ మాట అనకపోతివే?"

మద్దిలేటి ఊపిరి కోసం ఆగాడో, మాట కోసం ఆగాడో తెలియలేదు.

"నీ నోటితో... నువ్వే చెప్తావని చూసినా."

ఓబులేసు తల వంచుకున్నాడు. నాగవేణి లోపల్నుంచి రెండు కంచాలు తెచ్చి కింద పెట్టింది. జొన్నరొట్టె, గోంగూర. అన్నదమ్ములిద్దరూ తిన్నారు. వచ్చేటప్పుడు వాకిట్లో వదిన అంది: "హేమకు నువ్వే చెప్పుకోవాల, ఓబులేసూ. అది నీకంటే ముందు మమ్మల్ని తిట్టింది, నీ చేతిలో ఎందుకు పెట్టినారని."

ఆ శనివారం డోన్ వెళ్ళి చెప్పాడు. హేమలత కౌంటరు అవతల నిలబడి అంతా వింది. "సరే చిన్నాయనా" అంది. ఇంకొకరికి మందులివ్వడానికి వెళ్ళింది. తిరిగి వచ్చి, నాన్నకు ఏ మందులు ఏ రోజు అయిపోతాయో ఒక చీటీ మీద రాసి ఇచ్చింది.

---

ఆ ఆదివారం ఇంట్లో ముగ్గురూ డబ్బా ముందు కూర్చున్నారు. సుభాషిణికి అన్నీ చెప్పేశాడు.

"మీ అన్నకు బాగలేదని నాకు తెలుసు" అంది ఆమె. "రెండుసార్లు చెప్పబోయినా. మీరు ఇయర్‌ఫోన్లు తీయలేదు."

లిఖిత చకచకా తీసేయసాగింది. మసకబారినవి, ఒకదానికొకటి నకళ్ళు, ఎవరిదో తెలియని పెళ్ళి. ఏదైనా బాగుంటే తెరిచి ముగ్గురూ చూశారు. తను తొలిసారి నడిచిన వీడియో ఆ పిల్ల అప్పుడే చూసింది. "నేను నాన్న వైపు కాకుండా కుక్క వైపు పోయినా!" అని నవ్వింది.

సామి మాటల్లో ఒకటి మొట్టమొదటిసారి తెరిచాడు ఓబులేసు. బొంత జరుపుతున్న చప్పుడు, ఎవరో గొంతు సవరించుకోవడం. సామి ఏదో మొదలుపెట్టాడు. వెంటనే తన గొంతు వినిపించింది. "సామీ, కొంచెం ఇటు తిరిగి చెప్పండి, ఫోన్లో పడటం లేదు." సామి ఆగాడు. "ఏం చెప్తాంటి నేను?" అన్నాడు. ఆ మాట మళ్ళీ దొరకలేదు.

మధ్యాహ్నానికి చెత్తబుట్ట దగ్గరికి వచ్చారు. అన్నీ అందులోనే ఉన్నాయి. ఓబులేసు బటను మీద వేలు పెట్టి ఒక్క నిమిషం కూర్చున్నాడు. ఎవరూ తొందరపెట్టలేదు. నొక్కాడు.

తొంభై ఎనిమిది కాస్తా నలభై ఒకటైంది. ఎర్ర దీపం పోయింది. ఎప్పుడు పోయిందో అతను చూడనే లేదు. అప్పటికి కాళ్ళు చాపుకుని గోడకు ఆనుకున్నాడు.

---

బేస్తవారం ఫోను జేబులోనే పెట్టుకుని వెళ్ళి, ఈసారి వెనక కూర్చున్నాడు. సామి ఏమేం చెప్పాడో విన్నాడు. ఇంటికి పోయేసరికి సగం మర్చిపోతానని అప్పుడే తెలిసింది. మధ్యలో రెండుసార్లు చెయ్యి జేబులోకి పోయింది కూడా.

అందరూ లేచాక దగ్గరికి వెళ్ళాడు.

"సామీ, తీసేయాల్నో వద్దో తేలనివి రెండే మిగిలినాయి. మీ మాటలు ఒకటి."

"వినేవాళ్ళు ఎవరన్నా అడిగితే ఇయ్యి. అడక్కుంటే తీసెయ్."

"మా అన్న ఫోను రికార్డింగు ఒకటి. అది తీసేద్దామని కూర్చుంటే, చెయ్యి రావడంల్యా..." మాట తడబడింది. నిజానికి ఏమడుగుతున్నాడో అతనికే తెలియలేదు. "తీసేయమంటారా సామీ?"

హుసేనప్ప చక్కెర పొట్లం కట్టి అతని చేతిలో పెట్టాడు.

"ఇది మీ అన్నకు. ఆ మాటలు గూడా ఆయన్వే గదప్పా. ఆయన్ను అడుగు."

మర్నాడు శుక్రవారం. కాలేజీ వదలగానే మందులు తీసుకుని బేతంచెర్ల వెళ్ళాడు. మద్దిలేటి ఆ రోజు బయట వేపచెట్టు నీడన మంచం వేయించుకుని కూర్చున్నాడు. ఓబులేసు చక్కెర పొట్లం ఇచ్చాడు. మందులు ఒక్కొక్కటీ తీసి చూపించాడు. నీళ్ళు తాగాడు. చెప్పులు విడిచాడు, మళ్ళీ తొడుక్కున్నాడు.

"ఏమిరా" అన్నాడు మద్దిలేటి.

"నువ్వు ఆ రోజు నన్ను తిట్టింది నా దగ్గర ఉందన్నా. ఫోన్లో రికార్డయింది. ఆరేళ్ళు దాచుకున్నా." కళ్ళు పైకెత్తలేకపోయాడు. "తీసేయనా?"

"నేను... మాట్లాడిందా? ఏదీ, పెట్టు."

"వద్దులే అన్నా."

"పెట్టరా."

ఓబులేసు పెట్టాడు. వేపచెట్టు కింద మద్దిలేటి గొంతు లేచింది. 'పిల్ల పొద్దన్నుంచి అన్నం ముట్టలేదురా! నీ ముందర పొద్దస్తమానం కంప్యూటరే గదరా!' ఊపిరి తీసుకోకుండా, ఒక్క బిగిన, వీధి చివరికి వినిపించేంతగా.

ఓబులేసు నేలచూపు చూస్తూ కూర్చున్నాడు. 

మద్దిలేటి మంచం మీద ముందుకు వంగాడు. ఫోనును చేత్తో పట్టుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. అతని మొహం మెల్లగా విచ్చుకుంది.

"అబ్బ" అన్నాడు. "ఏం గొంతురా నాది!"

తర్వాత లోపలికి పిలవబోయాడు. గొంతు గడప దాకా కూడా పోలేదు. చేత్తో మంచం పట్టె మీద కొట్టాడు.

"నాగవేణీ... ఇట్ల రా... ఇది విను."

ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ఫోన్లో మద్దిలేటి తమ్ముణ్ణి తిడుతూనే ఉన్నాడు. ఆమెకు సరిగ్గా వినపడక ఇంకొంచెం దగ్గరికి వంగింది.

ఓబులేసు లేచి వచ్చి, సౌండు పెంచాడు.